ఏటీపీ బంధం తెగితే శక్తి ఎలా వస్తుంది?

మల్లెతీగ
సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థినిని. ఈ రోజు ఒక్క పూట తేడాలో రెండు తరగతుల్లో రెండు మాటలు విన్నాను. పొద్దున రసాయనశాస్త్రం తరగతిలో, "ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే, బంధం ఏర్పడినప్పుడే శక్తి బయటికి వస్తుంది" అన్నారు. మధ్యాహ్నం జీవశాస్త్రం తరగతిలో, కణాలు తమ పనులకు వాడుకునే మూడు ఫాస్ఫేట్ల అణువైన ఏటీపీ గురించి చెబుతూ, "ఏటీపీ చివరి ఫాస్ఫేటు బంధంలో శక్తి నిల్వ ఉంటుంది, ఆ బంధం తెగగానే విడుదలవుతుంది" అన్నారు.

ఈ రెండూ నా నోట్సులో ఉన్నాయి. రెండూ నిజం కావడానికి వీల్లేదు కదా? అడిగితే "పరీక్షలో రెండోది రాయి" అనే జవాబు వచ్చింది. నా సందేహం మార్కుల గురించి కాదు. ఏది నిజమో తేలకపోతే కణశ్వాసక్రియ పాఠంలో ఒక్క ముక్క కూడా బుర్రకెక్కడం లేదు. దయచేసి ఎవరైనా వివరంగా చెప్పండి.

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 10.05

మల్లెతీగ గారూ, మామూలు బంధాల సంగతి వేరు, ఏటీపీ సంగతి వేరు. అందులో ఉన్నది అధికశక్తి బంధం. మూడు ఫాస్ఫేట్లు ఋణావేశంతో పక్కపక్కన ఇరుక్కుని ఉంటాయి. నొక్కిపట్టిన స్ప్రింగును వదిలితే ఎలా ఎగురుతుందో, ఆ బంధం తెగితే శక్తి అలా వస్తుంది. 1941లో జీవరసాయన శాస్త్రవేత్త లిప్‌మన్ ఆ బంధాన్ని మామూలు గీతతో కాకుండా అలల గీతతో చూపించింది కూడా అందుకే. నేను ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను, మేమూ ఇలాగే నేర్చుకున్నాం.

పాత సుద్దముక్క
మంగళవారం, ఉదయం 6.15

అమ్మా మల్లెతీగా, నీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. ముప్ఫై నాలుగేళ్లు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ వైరుధ్యాన్ని పట్టుకుని అడిగిన పిల్లలు ఒక చేతి వేళ్లకు మించరు.

మీ పొద్దుటి పాఠమే నిజం. దానికి మినహాయింపు లేదు. ఏటీపీకీ లేదు.

గోదారిగట్టు బాబూ, స్ప్రింగు మాటలో సగం నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు "జలవిశ్లేషణ" అనే మాటను విడదీసి చూడండి. ఏటీపీ ఒంటరిగా విరగడం లేదు, నీటి అణువుతో చర్య జరుపుతోంది. ఫాస్ఫరస్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ఒక బంధం తెగుతుంది. నీటిలో ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య ఒకటి తెగుతుంది. ఈ రెండూ ఖర్చే. ఆ ఫాస్ఫరస్ నీటి నుంచి వచ్చిన ఆక్సిజన్‌తో కొత్త బంధం కట్టుకుంటుంది, విడిపడిన హైడ్రోజన్ మరో ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఇవి రాబడి. పైగా విడిపోయిన ఏడీపీ (ఒక ఫాస్ఫేటు పోయి రెండు మిగిలిన అణువు), ఫాస్ఫేటుల చుట్టూ నీటి అణువులు మరింత బాగా చేరతాయి. అదీ రాబడే. రైతు పంట అమ్మిన డబ్బులోంచి పెట్టుబడి తీసేసి మిగులు చూసుకున్నట్టు, ఇక్కడ కూడా మొత్తం లెక్క చూడాలి. మిగిలినదాన్నే మనం విడుదలైన శక్తి అంటున్నాం. అది తెగిన బంధం లోపలి నుంచి ఊడిపడింది కాదు.

ఇక స్ప్రింగు. ఋణావేశాల వికర్షణ ఉన్న మాట నిజమే. అది ఏటీపీని ఏడీపీ కంటే కొంత అస్థిరంగా ఉంచుతుంది. విడిపోయిన ఫాస్ఫేటులో ఎలక్ట్రాన్లు నాలుగు ఆక్సిజన్ల మీద పరుచుకోగలవు, అదొక స్థిరత్వం. కాబట్టి తేడా ఉన్నది మొదట ఉన్న పదార్థాల జట్టుకూ చివర వచ్చిన పదార్థాల జట్టుకూ మధ్య. ఒక గీతలో కాదు, అది అలల గీత అయినా సరే. లిప్‌మన్ ఆ గుర్తును పెట్టింది ఫాస్ఫేటు సమూహాన్ని మరో అణువుకు అందించే సామర్థ్యాన్ని చూపడానికి. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని శక్తి నింపిన డబ్బాగా చదివారు.

గోదారిగట్టు
మంగళవారం, ఉదయం 8.30

సార్, ఖర్చు, రాబడి లెక్క అర్థమైంది. కానీ చివరికి శక్తి వస్తోంది కదా! మోల్‌కు 30.5 కిలోజౌళ్లు అని అన్ని పుస్తకాల్లోనూ ఉంది. బంధంలో ఉంది అన్నా, జట్టుల తేడాలో ఉంది అన్నా జీవశాస్త్రం విద్యార్థికి తేడా ఏం పడుతుంది?

తూనికరాయి
మంగళవారం, ఉదయం 9.10

నేను పోటీ పరీక్షలకు శిక్షణ ఇస్తాను. గోదారిగట్టు గారి మాటే నాదీ. పిల్లలకు ఉన్న సమయం తక్కువ. "అధికశక్తి బంధం" అని ఉన్న ఐచ్ఛికానికి గుర్తు పెడితే మార్కు వస్తుంది. లేనిపోని అనుమానాలు పెడితే ఉన్న మార్కు పోతుంది. నేను ఇది కోపంతో చెప్పడం లేదు. ఒక్క మార్కుతో సీటు పోగొట్టుకుని ఏడ్చిన పిల్లలను చూసి చెబుతున్నాను.

జీవశాల
మంగళవారం, మధ్యాహ్నం 1.20

తూనికరాయి గారూ, ఆ పిల్లల బాధ నాకూ తెలుసు, డిగ్రీ కళాశాలలో జీవరసాయనశాస్త్రం నేనూ చెబుతున్నాను. అయినా మీతో ఏకీభవించలేను. గోదారిగట్టు గారు "తేడా ఏం పడుతుంది" అని అడిగారు. జీవం గురించిన అసలు విషయమంతా ఆ తేడాలోనే ఉంది.

ఒక గాజు సీసాలో నీళ్లు, ఏటీపీ, దాన్ని విడగొట్టే ఎంజైము వేసి వదిలేశామనుకోండి. చర్య ముందుకు సాగి సాగి, ముందుకూ వెనక్కూ సమానంగా జరిగే సమతాస్థితికి వచ్చి ఆగుతుంది. అప్పుడు ఏటీపీ పూర్తిగా సున్నా కాదు. ఆ 30.5 అంకెను బట్టి లెక్క వేస్తే, కణంలో ఉండేంత ఫాస్ఫేటు ఉన్నప్పుడు కోటికి పైగా ఏడీపీలకు ఒక్క ఏటీపీ మిగులుతుంది. ఇప్పుడు చెప్పండి, మిగిలిన ఆ ఒక్క ఏటీపీలో బంధం ఉందా లేదా? ఉంది. అదే ఫాస్ఫరస్, అదే ఆక్సిజన్, అదే బంధం. దానితో పని చేయించుకోగలమా? రవ్వంత కూడా చేయించుకోలేం. సమతాస్థితిలో ఆ చర్య నుంచి దక్కే శక్తి సున్నా. శక్తి బంధంలోనే నిల్వ ఉంటే ఇది సాధ్యమా?

బతికి ఉన్న కణంలో ఏడీపీ కంటే ఏటీపీయే ఎన్నో రెట్లు ఎక్కువ. సమతాస్థితిలో కోటికి ఒకటి ఉండాల్సిన చోట, తలకిందులుగా ఒకటికి పది ఉంచుతోంది కణం. ఆ దూరాన్ని బట్టే కణంలో ఏటీపీ ఇచ్చేది 30.5 కాకుండా మోల్‌కు 50 కిలోజౌళ్ల దాకా వెళుతుంది. పుస్తకంలోని అంకె ప్రామాణిక పరిస్థితులది, మన కాలేయ కణంలోది కాదు.

మేడ మీద నీళ్ల ట్యాంకు ఉంది, కింద సంపు ఉంది. పై నీళ్లకూ కింది నీళ్లకూ అణువుల్లో తేడా ఏమీ లేదు. ఎత్తులో తేడా ఉంది కాబట్టే కుళాయి తిప్పితే ధార వస్తుంది. మోటారు ఆగితే ట్యాంకు ఖాళీ. కణశ్వాసక్రియ ఆ మోటారు. ఊపిరి ఆగిన కొద్ది నిమిషాలకే మెదడు దెబ్బతినడానికి కారణం ఏటీపీ బంధాలు బలహీనపడటం కాదు, మోటారు ఆగిపోవడం. "శక్తి బంధంలో ఉంది" అని నేర్చుకున్న పిల్లవాడికి, మనం ప్రతి క్షణం ఎందుకు ఊపిరి పీల్చాలో ఎలా తెలుస్తుంది? ఇంత చెప్పడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు పిల్లలకు మనం బాకీ.

మల్లెతీగ
మంగళవారం, సాయంత్రం 5.45

మేడమ్, ట్యాంకు ఉదాహరణతో చాలా తేటపడింది. అయితే ఇంకో చిక్కు వచ్చింది. సమతాస్థితికి అంత దూరంలో ఉంటే, ఏటీపీ కణంలో దానంతట అదే విడిపోయి ఏడీపీ అయిపోవాలి కదా? ఎందుకు ఆగుతోంది?

పాత సుద్దముక్క
మంగళవారం, సాయంత్రం 6.30

నీ పొద్దుటి పాఠమే దానికీ జవాబు, అమ్మా. ముందు ఖర్చు పెట్టాలి కదా! రాబడి ఎంత ఉన్నా మొదటి పెట్టుబడి లేకపోతే చర్య మొదలు కాదు. దాన్నే ఉత్తేజిత శక్తి అంటాం. ఎంజైము లేని మామూలు నీటిలో, గది ఉష్ణోగ్రత దగ్గర ఏటీపీ చెప్పుకోదగినంత కాలం చెక్కుచెదరకుండా ఉంటుంది. విడిపోవడం లాభమే అయినా దారిలో గట్టు అడ్డుంది. ఆ గట్టును ఎక్కడ, ఎప్పుడు తగ్గించాలో ఎంజైములు నిర్ణయిస్తాయి. ఈ రెండు గుణాలూ కలిసి ఉండటం వల్లే ఏటీపీ పనికొచ్చింది. బంధం తెగడానికి శక్తి అక్కర్లేదు అన్నది నిజమైతే, ఏటీపీ తయారైన మరుక్షణమే చెదిరిపోయేది.

రాత్రి డ్యూటీ
మంగళవారం, రాత్రి 11.50

నేను ఫోరెన్సిక్ విభాగంలో వైద్యుడిని. ఈ చర్చ మా పనికి చాలా దగ్గరిది, అందుకే రాస్తున్నాను.

కండరం ముడుచుకోవడానికి ఏటీపీ కావాలని అందరూ చదువుతారు. మనిషి చనిపోతే ఏటీపీ తయారీ ఆగిపోతుంది. అలాగైతే శవం మెత్తగా వేలాడాలి. మొదట అలాగే ఉంటుంది కూడా. కానీ కొన్ని గంటల్లో దవడ నుంచి మొదలై ఒళ్లంతా కర్రలా బిగుసుకుంటుంది. మన ఎండలకు ఇది ఇంకా త్వరగా వస్తుంది. శక్తి అయిపోతే వదులు కావాలి గానీ బిగుసుకోవడం ఏమిటి?

కండరంలో మయోసిన్ తలలు ఆక్టిన్ తీగలను పట్టుకుని లాగుతాయి. పట్టు విడవాలంటే మయోసిన్ తలకు కొత్త ఏటీపీ అణువు వచ్చి అతుక్కోవాలి. గమనించండి, అతుక్కుంటే చాలు, ఆ అడుగులో ఏ బంధమూ తెగదు. ఏటీపీ వచ్చి కూర్చోగానే మయోసిన్ ఆకారం మారి పట్టు సడలుతుంది. ఆ తర్వాతే ఏటీపీ విడిపోయి, తల మళ్లీ లాగడానికి సిద్ధమవుతుంది. చనిపోయాక కొత్త ఏటీపీ రాదు కాబట్టి పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోతాయి. తర్వాత కండరంలోని ప్రొటీన్లే చెడిపోవడం మొదలయ్యాక బిగుతు సడలుతుంది.

ఏటీపీని పేలే టపాకాయలా ఊహించుకున్నంత కాలం నాకు ఈ విషయం అర్థం కాలేదు. అది ప్రొటీనుకు వచ్చి అతుక్కుని, ఆకారం మార్చి, విడిపోయి వెళ్లే భాగస్వామి. ఉత్త నీటిలో ఏటీపీ విడిపోతే నీళ్లు కాస్త వేడెక్కుతాయి, అంతే.

జీవశాల
బుధవారం, ఉదయం 7.05

డాక్టరు గారూ, చాలా మంచి మాట చెప్పారు. "ఏటీపీ విడిపోయి శక్తి వస్తుంది, ఆ శక్తితో పని జరుగుతుంది" అని రెండు మెట్లుగా చెప్పడమే మా పాఠాల్లోని లోపం. గ్లూకోజుకు ఫాస్ఫేటును తగిలించే చర్యకు మోల్‌కు 13.8 కిలోజౌళ్లు కావాలి, అది దానంతట జరగదు. హెక్సోకైనేజ్ ఎంజైము ఏటీపీ చివరి ఫాస్ఫేటును నేరుగా గ్లూకోజు చేతిలో పెడుతుంది. రెండూ కలిసిన ఒకే చర్యగా చూస్తే 16.7 కిలోజౌళ్ల లాభం మిగులుతుంది. మధ్యలో శక్తి విడిగా ఎక్కడా తేలదు.

నీలిరంగు
బుధవారం, మధ్యాహ్నం 2.40

ఇంతసేపు ఏటీపీ గురించి మాట్లాడుకుంటూ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎవరూ తలచుకోలేదని మనసు ఊరుకోలేదు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పనిలోనే ఈ కథకు ఒక మొదలు ఉంది.

1925లో వాళ్లిద్దరూ ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. ద్రావణంలోని ఫాస్ఫేటు అమ్మోనియం మోలిబ్డేటుతో కలుస్తుంది, దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఇదే పద్ధతిని కండర ద్రావణం మీద ప్రయోగించినప్పుడు ఒక తేడా కనిపించింది. మామూలుగా రంగు వచ్చి నిలిచిపోవాలి. ఇక్కడ మాత్రం నిమిషాలు గడిచేకొద్దీ నీలం చిక్కబడుతూనే ఉంది. ఇంకొకరైతే ప్రయోగం చెడిందనుకుని పారబోసేవారు. వాళ్లు ఆగి ఆలోచించారు. ఏదో ఒక పదార్థం ఆ ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును కొంచెం కొంచెంగా వదులుతోందన్నమాట! అదే ఫాస్ఫోక్రియాటిన్. ఆ ఫలితం 1927లో వచ్చింది. అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఎగిల్‌టన్ దంపతులు కూడా కండరంలో ఈ అస్థిర పదార్థాన్ని గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నారు.

ఈ ఫాస్ఫోక్రియాటిన్ మీ చర్చకు నేరుగా పనికొస్తుంది. దాని జలవిశ్లేషణలో వచ్చేది మోల్‌కు 43 కిలోజౌళ్లు, అంటే ఏటీపీ కంటే ఎక్కువ. కణంలోని మరో ఫాస్ఫేటు పదార్థం ఫాస్ఫోఈనాల్ పైరువేటుది దాదాపు 62. గ్లూకోజ్-6-ఫాస్ఫేటుది 13.8. ఏటీపీ ఈ వరుసలో మధ్యలో ఉంది, అగ్రస్థానంలో లేదు. మధ్యలో ఉండటమే దాని గొప్ప. పైవాటి నుంచి ఫాస్ఫేటు తీసుకోగలదు, కిందివాటికి ఇవ్వగలదు. వంద మీటర్ల పరుగులో కండరంలోని ఏటీపీ కొద్ది సెకన్లకు మించి సరిపోదు. ఫాస్ఫోక్రియాటిన్ వెంటనే ఏడీపీని మళ్లీ ఏటీపీగా మారుస్తుంది కాబట్టే పరుగు చివరిదాకా సాగుతుంది.

నేను పరిశోధనశాలలో ఆ నీలిరంగును ఎన్ని వందల సార్లు చూశానో. చూసిన ప్రతిసారీ ఆయనే గుర్తుకొస్తారు.

తూనికరాయి
బుధవారం, రాత్రి 8.15

సుబ్బారావు గారి మాట చదివి నా పిల్లలకు ఈ సాయంత్రమే చెప్పాను. సమతాస్థితి లెక్క కూడా చెప్పాను. ఇద్దరు ముగ్గురు తరగతి అయ్యాక ఆగి ప్రశ్నలు వేశారు. పరీక్షలో ఏం గుర్తు పెట్టాలో విడిగా చెబుతాను, అది నా బాధ్యత. ఏది నిజమో కూడా ఇక నుంచి చెబుతాను.

ఒక సాయం కావాలి. ఒక గ్లూకోజుకు 38 ఏటీపీలని ఇంటర్మీడియట్ పిల్లలు, 32 అని డిగ్రీ పిల్లలు వాదించుకుంటున్నారు. ఏది ఎక్కడి నుంచి వచ్చింది?

జీవశాల
బుధవారం, రాత్రి 9.30

చాలా సంతోషం, తూనికరాయి గారూ.

గ్లూకోజు నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను మోసే అణువులు ఎన్‌ఏడీహెచ్, ఎఫ్‌ఏడీహెచ్2. పాత లెక్కలో ఒక ఎన్‌ఏడీహెచ్‌కు 3, ఎఫ్‌ఏడీహెచ్2కు 2 ఏటీపీలని పూర్ణాంకాలు తీసుకున్నారు. పది ఎన్‌ఏడీహెచ్‌లకు 30, రెండు ఎఫ్‌ఏడీహెచ్2లకు 4, నేరుగా వచ్చేవి 4, మొత్తం 38. పూర్ణాంకాలే రావాలనే నియమం ఏదీ లేదని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించిన సిద్ధాంతంతో తేలింది. ఎలక్ట్రాన్లు దిగుతుంటే ప్రోటాన్లు మైటోకాండ్రియా లోపొర అవతలికి తోయబడతాయి, అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. ఒక ఎన్‌ఏడీహెచ్‌కు సుమారు 10 ప్రోటాన్లు బయటికి వెళతాయి. ఒక ఏటీపీ తయారై మైటోకాండ్రియా దాటడానికి సుమారు 4 కావాలి. అంటే 2.5. ఎఫ్‌ఏడీహెచ్2కు 6 ప్రోటాన్లు, అంటే 1.5. ఇప్పుడు 25, 3, 4 కలిపితే 32. గ్లూకోజు విరిగే మొదటి దశ అయిన గ్లైకాలసిస్‌లో వచ్చిన ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు ఏ దారిలో మైటోకాండ్రియాలోకి వెళ్లాయన్న దాన్ని బట్టి 30 కూడా కావచ్చు. ప్రోటాన్లు పొరలోంచి కొంత కారిపోతాయి కూడా, కాబట్టి నిజమైన కణంలో ఇంకా తగ్గుతుంది. ఇది కచ్చితమైన అంకె కాదని పిల్లలకు గట్టిగా చెప్పండి.

పాత సుద్దముక్క
గురువారం, ఉదయం 5.50

జీవశాల అమ్మా, ట్యాంకు ఉదాహరణకు ఒక పొడిగింపు. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. నీళ్లు దిగితే అవి కరెంటు ఇస్తాయి. కరెంటు ఇస్తే వెనక్కి తిరిగి నీళ్లను పైకి తోడతాయి. ప్రోటాన్లు లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీని తయారుచేసే ఎంజైము, ఏటీపీ సింథేజ్ కూడా అలాంటి యంత్రమే కదా?

జీవశాల
గురువారం, ఉదయం 7.20

అవును మాస్టారూ, అచ్చంగా అదే. ప్రోటాన్ల ఒత్తిడి పడిపోతే అది వెనక్కి తిరిగి ఏటీపీని విడగొడుతూ ప్రోటాన్లను తోడుతుంది. నిజంగానే తిరుగుతుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దాని ఇరుసుకు మెరిసే ఆక్టిన్ తీగను అతికించి, అది గిరగిరా తిరగడాన్ని సూక్ష్మదర్శినిలో చూపించారు.

అదే ఏడాది నోబెల్ పొందినవారిలో ఒకరైన పాల్ బోయర్ చెప్పింది ఇంకా ఆశ్చర్యం. ఆ ఎంజైము గుంటలో ఏడీపీ, ఫాస్ఫేటు కలిసి ఏటీపీ కావడానికి దాదాపు శక్తే అక్కర్లేదు, అక్కడ రెండు వైపులా సమానంగా తూగుతుంది. ప్రోటాన్ల శక్తి ఖర్చయ్యేది ముఖ్యంగా తయారైన ఏటీపీని ఆ గట్టి పట్టు నుంచి బయటికి వదిలించడానికి. మల్లెతీగా, నీ మొదటి ప్రశ్న ఈ మాట పక్కన పెట్టి మళ్లీ చదువుకో.

మల్లెతీగ
గురువారం, రాత్రి 10.10

మేడమ్, మూడుసార్లు చదివాను. నాకు అర్థమైనది రాస్తాను, తప్పుంటే దిద్దండి. బంధం తెంచడానికి ఎప్పుడూ శక్తి కావాలి. ఏటీపీ, నీరు ఒక జట్టు, ఏడీపీ, ఫాస్ఫేటు మరో జట్టు. రెండో జట్టు స్థిరమైనది. కణం మొదటి జట్టును సమతాస్థితికి చాలా దూరంగా ఎత్తిపెట్టి ఉంచుతుంది, ఆ దూరమే పని చేస్తుంది. ఎంజైము లేకుండా అది వృథాగా దిగిపోదు.

అలాగైతే "గ్లూకోజు బంధాల్లో శక్తి ఉంది" అన్న వాక్యం కూడా తప్పే కదా?

పాత సుద్దముక్క
శుక్రవారం, ఉదయం 6.00

దిద్దడానికి ఏమీ లేదు తల్లీ. అవును, అదీ తప్పే. గ్లూకోజును ఆక్సిజన్‌తో కలిపి చూడాలి. మోల్‌కు వచ్చే ఆ 2,870 కిలోజౌళ్లలో ఆక్సిజన్‌ది పెద్ద వాటా. ఆక్సిజన్ అణువులోని ద్విబంధం అలాంటి బంధాల్లో బలహీనమైనది, తెంచడానికి మోల్‌కు 498 కిలోజౌళ్లు చాలు. కార్బన్ డయాక్సైడులో కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ఒక్కో బంధం 800 దాకా ఉంటుంది. బలహీనమైన బంధాలు పోయి బలమైనవి వస్తున్నాయి, మిగులు అక్కడ వస్తోంది. అన్నం ఎంత తిన్నా ఊపిరి లేకపోతే బతకలేకపోవడం ఇందుకే.

మల్లెతీగ
శనివారం, సాయంత్రం 4.25

నిన్న మా జీవశాస్త్రం సార్‌కు ఈ సీసా ఉదాహరణ చెప్పాను. కోటికి ఒకటి అన్న లెక్కను బోర్డు మీద వేసి చూపమన్నారు. వేశాను. చాలాసేపు చూసి, వచ్చే వారం ఇదే పాఠం మళ్లీ మొదటి నుంచి చెబుతానన్నారు.

నీలిరంగు గారూ, మా ప్రయోగశాలలో అమ్మోనియం మోలిబ్డేటు సీసా ఉంది. తెలిసిన మోతాదుల ఫాస్ఫేటుతో రంగు తీసి చూడటానికి అనుమతి దొరికింది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర కొలవాలి?

నీలిరంగు
శనివారం, సాయంత్రం 5.00

660 నానోమీటర్ల దగ్గర కొలవండి. ఆమ్లం పోసేటప్పుడు జాగ్రత్త. గాజు సామాను సబ్బు పొడితో కడగకండి, అందులో ఫాస్ఫేటు ఉంటే ఖాళీ గొట్టంలోనూ నీలం వస్తుంది. గడియారం పక్కనే పెట్టుకుని, అన్ని గొట్టాలకూ ఒకే సమయం ఇచ్చి చదవండి.